నిన్న యాభై ఒకటి... నేడు ఇరవై ఏడు!

డిసెంబరు 31, రాత్రి పన్నెండు కావస్తోంది. పార్టీ మంచి జోరు మీదుంది. అందరూ అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు... మూడు, రెండు, ఒకటి! ఇంకో క్షణంలో పంతొమ్మిది నిండబోయే అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. లేచి అద్దంలో చూసుకుంటే... యాభై ఒక్కేళ్ల ఆవిడ!

మన సినిమా అయితే సరిగ్గా ఇక్కడ ‘విశ్రాంతి’ కార్డు పడుతుంది. మార్గరీటా మాంటిమోర్ రాసిన ‘ఊనా అవుట్ ఆఫ్ ఆర్డర్’ అనే ఇంగ్లీషు నవలలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. 2020లో వచ్చిన పుస్తకం ఇది. (ఇంగ్లండులో ‘ది రీఅరేంజ్డ్ లైఫ్ ఆఫ్ ఊనా లాక్‌హార్ట్’ అని వేరే పేరు పెట్టి వేశారు. ఎందుకో వాళ్లకే తెలియాలి!)

కథ టూకీగా చెప్తాను. ఊనా న్యూయార్కులో బ్రూక్లిన్ పిల్ల. ప్రియుడు డేల్‌తో కలిసి మ్యూజిక్ బ్యాండులో తిరగాలా, లండన్ వెళ్లి చదువుకోవాలా అన్నది ఆ రాత్రికి ఆమె సమస్య. తేల్చుకునేలోగా 1982 నుంచి 2015లోకి వచ్చిపడింది. అక్కడ ఏడాది గడిపాక, జనవరి 1న, అంటే తన పుట్టినరోజున, మళ్లీ గెంతు! ఈసారి 1991. ఒళ్లు ఇరవై ఏడేళ్లది. మరో గెంతులో 2004. బతకాల్సిన ఏళ్లన్నీ బతుకుతుంది గానీ, వరసలో కాదు... పేక కలిపి పంచినట్టు! మనసు మాత్రం ఏడాదికి ఏడాదే పెరుగుతూ ఉంటుంది.

అన్నట్టు 1991 అంటే మనకి గుర్తొచ్చేది ‘ఆదిత్య 369’. ఆ ఏడాదే సింగీతం శ్రీనివాసరావు గారు బాలకృష్ణని యంత్రమెక్కించి కృష్ణదేవరాయల కాలానికీ, 2504కీ తిప్పి తీసుకొచ్చారు. అక్కడ మనిషి కాలంలోకి వెళ్లాడు. మీట నొక్కితే తిరిగి రావచ్చు. ఊనాకి ఆ మీట లేదు. ఆమె వెళ్లేది తన బతుకులోకే.

ఈ పుస్తకం నాకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. చదివి ఊరుకోలేక నలుగురికిచ్చాను. పుస్తకం ఒక్కటే, చేతులు నాలుగు జతలు. తిరిగొచ్చేసరికి అట్ట నలిగింది, మార్జిన్లు పెన్సిలు రాతలతో నిండాయి. ఆ రాతలూ, వాటి మీద జరిగిన తగాదాలే ఈ వ్యాసం.

ముందు కృష్ణానగర్‌లో ఉండే ఒక అసిస్టెంట్ డైరెక్టరుకిచ్చాను. మూడు రోజుల్లో చదివేశాడు.

“ఇందులో వింతేముందన్నా? మేం రోజూ చేసే పనేగా!” అన్నాడు టీ ఊదుకుంటూ. “పోయినసారి సినిమాకి మొదటి రోజే హీరోయిన్ చేత మొగుడి శవం మీద పడి ఏడిపించాం. ఆ మొగుడితో పెళ్లి సీను మూడో షెడ్యూల్లో తీశాం. ఏడ్చిన రోజుకి ఆ అమ్మాయి ఆ హీరోని సరిగ్గా పలకరించి కూడా ఉండదు!”

నేను ఉలిక్కిపడ్డాను. నవలలో ఊనా 2004లో కళ్లు తెరిచేసరికి ఆమెకి పెళ్లయిపోయి ఉంటుంది. ఆ మొగుడు ఎడ్వర్డ్‌ని ఆమె అంతకుముందు చూసి ఎరగదు. అతగాడికేమో ఆమె తన పెళ్లాం, తెలిసిన మనిషి. ఆ భాగం చదివినప్పుడు నాకు కాస్త అతిగా అనిపించింది. మనవాడి మాట విన్నాక మళ్లీ తిరగేశాను.

ఇంకో సంగతీ పట్టుకున్నాడు. ఊనా ప్రతి ఏడూ గెంతేముందు తనకి తనే ఉత్తరం రాసి పెట్టుకుంటుంది. “అది కంటిన్యుటీ షీటన్నా! జడ ఏ భుజం మీదుంది, గాజులెన్ని, బొట్టు ఎంత చెదిరింది... మేం రాసుకోమూ? అయితే ఆవిడ సగం సంగతులు రాయదు. నేనలా రాస్తే మా డైరెక్టరు ఆ పూటే ఇంటికి పంపేవాడు.”

రెండో చెయ్యి, బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడిది. అతనికి నవల నచ్చలేదు. ఊనాకి రాబోయే సంగతులు తెలుసు కాబట్టి షేర్లలో డబ్బు పెట్టి కోటీశ్వరురాలవుతుంది. “అంత డబ్బుంటే కాలం ఎటు తిరిగితే ఏం సార్? హాస్టలు గదిలో నిద్రలేచి, మెస్ బిల్లు ఎవరు కట్టారో తెలియని ఊనాని చూపించమనండి, అప్పుడు చదువుతా!” అన్నాడు. కాదనలేకపోయాను. రచయిత్రి డబ్బు సంగతి ముందే తేల్చేసి తన పని సులువు చేసుకున్నారని నాకూ అనిపించింది. కొద్ది ఏళ్లే చూపించి మిగతావి వదిలేయడం కూడా చిన్న దగా. నలభై ఏళ్లావిడలో ఇరవై ఏళ్ల పిల్ల ఎలా నడుస్తుందో ఇంకా చూడాలనిపిస్తుంది. (మన తారల్లో ఎవరు చెయ్యగలరంటారు? చెంపల మీద తెల్లరంగు పూసి ముసలితనం తెప్పించే రోజులు పోయాయి. ఇక్కడ కావల్సింది దానికి తిరగబడిన పని!)

అసలు గొడవ మూడో దగ్గర మొదలైంది. ఆ అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. 2015లో ఊనా దగ్గర సహాయకుడిగా కెంజీ అనే కుర్రాడుంటాడు. ఆమెకి దగ్గరివాళ్లు ఆమె బతుకులోని కొన్ని ముఖ్యమైన నిజాలు తెలిసీ చెప్పరు. ఆ నిజాలేమిటో నేను విప్పను, చదవనివాళ్లు నన్ను తిడతారు. ఆ పేజీల పక్కన ఈ అమ్మాయి ‘మోసం’ అని మూడుసార్లు రాసింది. మూడోసారి పెన్సిలు ముక్కు విరిగినట్టుంది. “ఆమె జీవితం ఆమెకి చెప్పకపోవడానికి వీళ్లెవరు?” అని నిలదీసింది నన్ను, నేనేదో దాచినట్టు!

అదే పేజీలో, ఆ ‘మోసం’ కింద, సన్నటి అక్షరాలతో నాలుగో రాత ఉంది: ‘రోజూ చెప్పి చూడమ్మా.’

ఆ రాత మా ఇంటి ఓనరుగారిది. హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. వయసు సరిగ్గా యాభై ఒకటి. పంతొమ్మిదో ఏట పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టారు. “ఊనా ఒక్క రాత్రిలో వచ్చేసింది. నాకు ముప్పై రెండేళ్లు పట్టింది. అద్దం చూసినప్పుడు ఇద్దరం ఒకేలా అదిరిపడ్డాం బాబూ!” అని నవ్వారు.

ఆ రాతకి అర్థమేమిటండీ అనడిగాను. ఆవిడ లోపలిగది వైపు చూశారు.

అక్కడ వాళ్ల అత్తగారు. ఎనభై దాటిన మనిషి. నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. ఒకరోజు ఆమెకి ఇరవై, కొత్త కాపురం. ఒకరోజు పన్నెండు. ఒకరోజు కొడుక్కి పాలు పట్టాలని ఇల్లంతా వెతుకుతుంది. ఆ కొడుకు ఎదురుగా కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుతూ ఉంటాడు.

“మొదట్లో నిజమే చెప్పేవాళ్లం” అన్నారు టీచరుగారు. “తమ్ముడు రాలేదేమని అడిగేది. పోయి పదేళ్లయిందత్తయ్యా అనేదాన్ని. అప్పుడే కబురు తెలిసినట్టు గుండెలు బాదుకుని ఏడ్చేది. మర్నాడు మళ్లీ అడిగేది. మళ్లీ చెప్పేదాన్ని. మళ్లీ అదే ఏడుపు. నెల రోజులు అలా చేశాను బాబూ, నిజం చెప్పడమే మంచిదనుకుని. ఆవిడ చేత ఒకే చావుకి ముప్పైసార్లు ఏడిపించాను.”

“ఇప్పుడేం చెప్తారు?”

“వస్తున్నాడంట అంటాను. దారిలో ఉన్నాడంట అంటాను. ఊనాకి చదువుకోడానికి ఉత్తరముంది. ఈవిడకి మేం పలక మీద రాసిపెట్టాం... ‘ఇది మీ ఇల్లే. అన్నం తిన్నారు. తలుపు బయట గడియ వేశాం, భయపడకండి’ అని. అది చదువుతుంది. తమ్ముడి సంగతి మాత్రం అందులో రాయలేదు.”

ఈ మాట డిగ్రీ అమ్మాయికి చేరవేశాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “ఆవిడకి గుర్తుండదు కాబట్టి సరే. ఊనాకి గుర్తుంటుంది కదండీ?” అంది. గట్టి ప్రశ్నే. టీచరుగారిని అడిగితే, “అవును, అది వేరే. ఆ పిల్లనోసారి రమ్మను, మాట్లాడుకుందాం” అన్నారు. ‘మోసం’ అన్న మాట కొట్టెయ్యమని మాత్రం చెప్పలేదు.

పుస్తకం తెచ్చుకుందామని మొన్న ఆదివారం కిందికి దిగాను. టీచరుగారు స్నానానికి వెళ్లినట్టున్నారు. వసారాలో పడక్కుర్చీలో పెద్దావిడ ఒక్కరే, ఒళ్లో పలక. నన్ను తేరిపార చూసి మొహమంతా వెలిగించుకుని, “వచ్చావా తమ్ముడూ! పండక్కి తీసుకెళ్తావా?” అన్నారు.

నాకేం చెయ్యాలో తోచలేదు. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

“సాయంత్రం బస్సుకి వెళ్దాం అక్కా” అన్నాను.

“అయితే చీరలు సర్దుకుంటా” అని ఆవిడ లేవబోయి, మళ్లీ కూర్చుని, పలక నా చేతికిచ్చారు... పట్టుకోమన్నట్టు.