టర్బో ఊపిరి పీల్చే దారి

1995 అక్టోబరు. స్పెయిన్‌లో కాటలూన్యా ర్యాలీ. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో తలపడుతున్న టొయోటా సెలికా జీటీ-ఫోర్ కార్ల టర్బోలను తనిఖీ అధికారులు విప్పించి చూశారు. నిబంధన ప్రకారం టర్బోలోకి వెళ్లే గాలంతా 34 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక ఇరుకు రింగులోంచే పోవాలి. దాన్ని రెస్ట్రిక్టర్ అంటారు. ఆ ఇరుకులో గాలి ధ్వని వేగాన్ని అందుకుందంటే, ఎంత పెద్ద టర్బో పెట్టినా అంతకు మించి లాగలేదు. ఇంజిన్ శక్తికి అలా కళ్లెం వేశారు.

టొయోటా జట్టు ఆ కళ్లేన్ని కంటికి కనపడకుండా వదులు చేసింది. గొట్టం క్లిప్పు బిగించగానే రెస్ట్రిక్టర్ టర్బో నుంచి 5 మిల్లీమీటర్ల దాకా జరిగేది. ఆ సందులోంచి గాలి రింగుతో పనిలేకుండా లోపలికి దూరేది. తనిఖీ కోసం గొట్టం విప్పితే స్ప్రింగులు దాన్ని తిరిగి యథాస్థానంలో కూర్చోబెట్టేవి, సీళ్లు చెక్కుచెదరకుండా ఉండేవి. దీనివల్ల 25 శాతం దాకా అదనపు గాలి అందిందని అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ తేల్చింది. ఆ ఏడాది పాయింట్లన్నీ కొట్టేసి, జట్టును పన్నెండు నెలలు నిషేధించింది. శిక్ష వేసిన సంస్థ అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీ కూడా ఆ పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయారు.

మోసం మోసమే. దానికి సమర్థన లేదు. కానీ గెలుపు కోసం అంత తపించిన ఇంజినీర్లు తమ తెలివంతా టర్బో నోటి దగ్గర ఒక చిన్న సందు మీద పెట్టారన్నది టర్బో కారున్న ప్రతి ఒక్కరూ గమనించాల్సిన విషయం. టర్బో కార్లు ఇప్పుడు మన వీధుల్లోకీ వచ్చేశాయి. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న బండికి పన్ను తక్కువ. అందుకే కంపెనీలు చిన్న ఇంజిన్‌కి టర్బో తగిలించి పెద్ద ఇంజిన్ బలం రాబడుతున్నాయి. వెన్యూ, నెక్సాన్, పోలో టీఎస్‌ఐ లాంటివి కొన్న కుర్రవాళ్లు కొన్నాళ్లకే “పికప్ ఇంకాస్త పెంచొచ్చా అన్నా?” అని షెడ్డుకు వస్తారు. అక్కడ ముందుగా చూపించేది మెరిసే పైపు, దాని చివర పుట్టగొడుగులా విచ్చుకున్న ఓపెన్ ఫిల్టరు. బిగించిన మర్నాడే యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. బండి పరిగెడుతున్నట్టే ఉంటుంది.

శబ్దం పెరిగిందంటే శక్తి పెరిగినట్టు కాదు. ఆ పైపు నిజంగా ఏం చేస్తోందో తెలియాలంటే గాలి వెంట నడవాలి.

120 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ పూర్తి జోరులో నిమిషానికి దాదాపు 5 కిలోల గాలి మింగుతుంది. లీటర్లలో చెబితే నాలుగు వేల పైమాటే. ఈ గాలిని కంప్రెసర్ చక్రం లాగుతుంది. చిన్న టర్బోల్లో అది నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరగగలదు. అది ముందు నుంచి గాలిని పీల్చి వెనక్కి నొక్కుతుంది. పీల్చే వైపు ఫిల్టరు నిండిపోయినా, గొట్టం ఇరుకైనా, మెత్తటి రబ్బరు మలుపు లోపలికి అణిగినా కంప్రెసర్ ముందు ఒత్తిడి పడిపోతుంది. కొబ్బరిబోండాంలో వేసిన స్ట్రా నలిగితే బుగ్గలు ఎంత కష్టపడతాయో చక్రమూ అంత కష్టపడుతుంది.

ఇక్కడే టర్బో కారు మామూలు కారు నుంచి వేరుపడుతుంది. టర్బో లేని బండిలో దారి ఇరుకైతే శక్తి నేరుగా తగ్గిపోతుంది. టర్బో బండిలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ ఊరుకోదు. దానికో లక్ష్యం ఉంటుంది, ఇంత బూస్ట్ (టర్బో నొక్కి పెంచే గాలి ఒత్తిడి) రావాలని. రాకపోతే టర్బోను తిప్పే పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేట్‌ను మూసి టర్బోను ఇంకా వేగంగా తిప్పిస్తుంది. డ్రైవరుకు తేడా తెలియదు. కానీ ఆ శ్రమ వేడిగా మారుతుంది. లెక్క చూడండి. బయట గాలి 40 డిగ్రీలుందనుకుందాం. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం. గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే అది 138 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. ఫిల్టరు దారిలో 0.05 బార్ ఒత్తిడి పోయిందంటే, అదే బూస్ట్ కోసం 146 డిగ్రీలకు చేరుతుంది. ఓపెన్ ఫిల్టరు బానెట్ కింది 60 డిగ్రీల గాలి పీల్చిందా, 164. దారి వెడల్పు చేసి మిగుల్చుకున్న ఎనిమిది డిగ్రీలకు మూడు రెట్లకు పైగా వేడి ఫిల్టరు చోటు మార్చడం వల్ల నెత్తిన పడుతుంది.

ఆ నొక్కిన గాలిని ఇంటర్‌కూలర్ చాలావరకు చల్లారుస్తుంది కదా అంటే, చల్లారుస్తుంది. హైవే మీద. ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడ్డాక ఇంటర్‌కూలరూ వేడెక్కిపోతుంది. అప్పుడు వేడి గాలి సిలిండర్లోకి చేరి నాకింగ్ (పెట్రోలు మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలైతే, ఈసీయూ స్పార్కును ఆలస్యం చేసి ఇంజిన్‌ను కాపాడుకుంటుంది. మామూలు పెట్రోలు మీద నడిచే మన బండ్లకు ఆ హద్దు దగ్గర్లోనే ఉంటుంది. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం మైలురాళ్ల మధ్య కాలాన్ని కొలిచి చూస్తే, బుస్సుమనే ఆ బండి కంపెనీ ఇచ్చిన ఫిల్టరు డబ్బా ఉన్న బండి కన్నా వెనకబడినా ఆశ్చర్యం లేదు.

వేడి గొడవ కొత్తదేం కాదు. అమ్మకానికొచ్చిన తొలి టర్బో కార్లలో ఒకటైన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌ను 1962లో అమెరికాలో తెచ్చినప్పుడే ఇంజినీర్లకు ఇది ఎదురైంది. 10.25 కంప్రెషన్ ఉన్న ఆ 3.5 లీటర్ వీ8 ఇంజిన్‌లో నాకింగ్ ఆపడానికి డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిమ్మించారు. ఆ ట్యాంకు నింపడం యజమానులు మర్చిపోయేవారు. రెండేళ్లకే ఆ కారు ఆగిపోయింది. గాలిని చల్లగా ఉంచే పని యజమాని జ్ఞాపకశక్తికి వదిలేస్తే నిలవదని పరిశ్రమకు అప్పుడే తెలిసింది. ఇవాళ్టి ఫోక్స్‌వాగన్ 1.0 టీఎస్‌ఐలో ఇంటర్‌కూలర్‌ను నీటితో చల్లబరిచేలా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఇమిడ్చేశారు.

మరి ఇన్‌టేక్, అంటే ఈ గాలి పీల్చే దారి, మార్చడం దండగేనా? కాదు. ఈసీయూ సెట్టింగులు మార్పించి (రీమ్యాప్) బూస్ట్ పెంచినప్పుడు గాలి అవసరం పెరుగుతుంది. కంపెనీ డబ్బా, టర్బో నోటి దగ్గరి సన్నని మలుపు అప్పుడు నిజంగానే అడ్డొస్తాయి. ఆ మలుపును వెడల్పు చేసి, అణగని సిలికాన్ గొట్టం వేసి, ఫిల్టరును ఇంజిన్ వేడి తగలకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టి, గ్రిల్ వెనక నుంచి గాలి తెచ్చుకుంటే ఫలితం ఉంటుంది. టర్బో తక్కువ తిరుగుడుతోనే అదే బూస్ట్ ఇస్తుంది, తొక్కగానే స్పందన కాస్త చురుగ్గా ఉంటుంది. రీమ్యాప్ లేకుండా ఫిల్టరు ఒక్కటే మార్చి పదిహేను హార్స్‌పవర్ పెరిగిందని ఎవరైనా చెబితే శక్తిని కొలిచే డైనో యంత్రం ఇచ్చిన కాగితం అడగండి. ఒకే రోజు, ఒకే వేడిలో, ముందూ తర్వాతా తీసిన కాగితం.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది దుమ్ము. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలో, కంకర క్రషర్ల పక్క రోడ్డులో గాలిలో తేలేది రాతి పొడి. కంపెనీ కాగితపు ఫిల్టరు దాన్ని ఎంత బాగా ఆపుతుందో, గాలి ఎక్కువ వదులుతానని చెప్పుకునే ఫిల్టరు అంత బాగా ఆపుతుందన్న హామీ లేదు. రెండు లక్షల చుట్లు తిరిగే అల్యూమినియం రెక్కల అంచుల్ని ఆ సన్నని పొడి అరగదీస్తుంది. లోపలికి చేరిందంటే సిలిండర్ గోడల్నీ వదలదు. నూనె పూసే కాటన్ ఫిల్టర్లతో ఇంకో తంటా. నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సార్ తీగమీద పేరుకుని రీడింగులు తప్పిస్తుంది. ఏ ఫిల్టరైనా సరే, దాని రబ్బరు అంచు డబ్బాలో సరిగ్గా కూర్చుందా లేదా అని వేలితో తడిమి చూడాలి. అక్కడ వెంట్రుక మందం సందు ఉన్నా మిగతా ఖర్చంతా వృథా.

చట్టం కూడా గుర్తుంచుకోవాలి. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలును అదే ఏడాది మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. వారంటీ ఉన్న బండైతే డీలరుతో మాట్లాడకుండా స్పానర్ పట్టుకోవద్దు.

అయినా మార్చుకోవాలనే పట్టుదల ఉంటే ముందు కొలవండి. టర్బో నోటి ముందు చిన్న వాక్యూమ్ గేజ్ పెట్టి పూర్తి జోరులో ఒత్తిడి ఎంత పడిపోతుందో చూడండి. 0.02 బార్ కన్నా తక్కువ చూపిస్తే మీ డబ్బా బాగానే ఉంది, డబ్బు టైర్ల మీద పెట్టుకోండి. ఇన్‌టేక్ కిట్ బిగించాక ఫిల్టరు పక్కన థర్మామీటరు తీగ వేలాడదీసి ఊళ్లో ట్రాఫిక్‌లో అరగంట తిప్పండి. బయటి గాలికీ ఫిల్టరు పీల్చే గాలికీ తేడా పది డిగ్రీలు దాటిందంటే, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే, ఆ కిట్ విప్పేసి పాత డబ్బానే బిగించుకోమంటాను.