జవాబు లేని బిట్టు

చౌటుప్పల్ నుంచి హైదరాబాద్ వైపు కాలేజీ బస్సుల్లో వెళ్లే ఇంజనీరింగ్ పిల్లలకు ఈ బిట్టు ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. సీ ప్రోగ్రాంలో ఐ విలువ 5. ప్రింట్‌ఎఫ్‌లో ఐ, ఐ++, ++ఐ అని వరసగా ఇచ్చారు. ఔట్‌పుట్ ఎంత?

పాత టర్బో సీ కంపైలర్ నీలం తెర మీద 7 6 6 వస్తుంది. లినక్స్‌లో జీసీసీ కంపైలర్ సాధారణంగా 7 6 7 అంటుంది. క్లాంగ్‌నడిగితే 5 5 7. నాలుగు ఆప్షన్లలో ఏది టిక్కు పెట్టాలి?

‘కుడి నుంచి ఎడమకు లెక్కించాలి’ అని క్లాసులో చెప్తారు. అది సీ భాష పెట్టిన రూలు కాదు, ఆ పాత కంపైలర్ అలవాటు. ప్రింట్‌ఎఫ్‌కు ఎన్ని విలువలు వస్తాయో ముందు తెలీదు. మొదటిది స్టాక్ పైన దొరికితే దానికి పని సులువు. అందుకే టర్బో సీ చివరిదాన్ని ముందు తోస్తూ వచ్చింది. ఈనాటి 64 బిట్ల మెషీన్లలో మొదటి కొన్ని విలువలు రిజిస్టర్లలోనే వెళ్తాయి కాబట్టి ఆ అవసరమూ లేదు.

ఫంక్షన్‌కిచ్చే విలువల్లో దేన్ని ముందు లెక్కించాలో సీ ప్రమాణం చెప్పదు. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్‌గేట్ దగ్గర పక్కపక్క లైన్లలో ఉన్న రెండు కార్లలో ఏది ముందు బయటపడుతుందో చెప్పలేం, కానీ రెండూ బయటపడతాయి. ఇంతవరకైతే ఫర్వాలేదు. మన బిట్టులో మాత్రం ఒకే ఐని, మధ్యలో ఏ క్రమమూ లేకుండా, రెండుసార్లు మారుస్తున్నాం. అక్కడ ప్రమాణం ‘నిర్వచనం లేదు’ అని పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఏ అంకె వచ్చినా, ప్రోగ్రాం కూలిపోయినా కంపైలర్‌ది తప్పు కాదు. ఐ = ఐ++ కూడా ఈ కోవలోదే.

బ్రాకెట్లు పెడితే సరిపోతుందా? సరిపోదు. బ్రాకెట్లయినా, కూడికకంటే గుణకారం ముందన్నదైనా ఏది దేనితో కలవాలో చెప్పే రూలు. ఎఫ్() + జీ() * హెచ్() అని రాస్తే మూడింటిలో ఏ ఫంక్షన్‌ని ముందు పిలవాలో అది చెప్పదు. &&, || లాంటి కొన్నింటికే ఎడమవైపుది ముందన్న హామీ ఉంది. కామా ఆపరేటర్‌కూ ఉంది కానీ, ప్రింట్‌ఎఫ్‌లో విలువల మధ్య పెట్టే కామా ఆ కామా కాదు! ఈ తిరకాసు మటుకు భాష చేసినవాళ్లదే.

ఇలా ఎందుకు వదిలేశారు? 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేసిన ఈ భాష రకరకాల మెషీన్ల మీదికి పాకింది. ఏ మెషీన్‌కు ఏది చవకో ఆ కంపైలరే చూసుకుంటుందని, 1989లో అమెరికా ప్రమాణం రాసినప్పుడూ ఆ స్వేచ్ఛను ఉంచేశారు. దాని ధర చిన్నది కాదు. ఇంట్ పరిమితి దాటడం కూడా నిర్వచనం లేనిదే కనుక, ‘ఎక్స్ + 1 > ఎక్స్’ అన్న తనిఖీని ఎప్పుడూ నిజమేనని కొట్టిపారేసే హక్కు కంపైలర్‌కుంది. మీరు జాగ్రత్త కోసం రాసిన లైనే మాయమవుతుంది. తర్వాత వచ్చిన జావా ఈ స్వేచ్ఛ ఇవ్వలేదు. అక్కడ లెక్క ఎడమ నుంచి కుడికే.

కెర్నిహన్, రిచీ సీ భాష మీద తాము రాసిన పుస్తకంలోనే ఇలాంటి ప్రింట్‌ఎఫ్ లైను చూపించి తప్పని రాశారు. అయినా మన బిట్‌బ్యాంకుల్లో అది బతికే ఉంది. పేపర్లు తయారుచేసే మాస్టార్లకు ఒక విన్నపం: ఆ బిట్టు తీసేయండి, లేదా ‘నిర్వచనం లేదు’ అన్న ఆప్షన్ ఇచ్చి దానికే మార్కు వేయండి. పిల్లలు జీసీసీని ‘-డబ్ల్యూఆల్’ పెట్టి నడిపితే చాలు, ఆ లైను దగ్గర హెచ్చరిక అదే ఇస్తుంది.