బ్యాలెట్ పత్రం చివరి ప్రశ్న

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో సరి సంవత్సరం ఆగస్టు మాసాన, మొదటి సోమవారం తరువాత వచ్చే మంగళవారం నాడు, ఓటరు చేతికి ఒక పొడవాటి బ్యాలెట్ పత్రం వస్తుంది. పై భాగాన పేరు మోసిన అభ్యర్థులుంటారు. వారి ఛాయాచిత్రాలు అప్పటికి నెలల తరబడి టీవీ తెరల మీద కనిపించి ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ పేర్లు అపరిచితమవుతాయి. అన్నిటికన్నా చివర, ఒక్కొక్కసారి పత్రం వెనుక వైపున, ఏ పార్టీ పేరూ లేని ఒక పేరా ఉంటుంది. ఫలానా కౌంటీలో బస్సులు నడపడానికి గానీ, గ్రంథాలయ నిర్వహణకు గానీ, ఆస్తి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలరు చొప్పున ఇన్ని సంవత్సరాల పాటు పన్ను వసూలు చేయడానికి సమ్మతమేనా అని అది అడుగుతుంది. ఔను, కాదు అని రెండే గడులు.

చాలామంది ఓటర్లు అక్కడిదాకా చదవరు. చదివినా అర్థం కాక ఖాళీగా వదిలేస్తారు. కానీ ఇంటి ఖర్చు పుస్తకంలోకి నేరుగా వచ్చి కూర్చునేది ఆ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబే. డెట్రాయిట్ పరిసరాల్లోని కాంటన్, ట్రాయ్, నోవీ, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి చోట్ల తెలుగువారు గణనీయంగా స్థిరపడ్డారు. డియర్‌బోర్న్, హామ్‌ట్రామిక్ నగరాలలో ముస్లిం కుటుంబాలు తరాలుగా జీవిస్తున్నాయి. కొడుకో కూతురో ఆ ప్రాంతంలో ఇల్లు కొనుక్కున్న తల్లిదండ్రులు ఇక్కడి మన పాఠకులలోనూ ఉంటారు. అందువల్ల ఈ విషయాన్ని కొంత వివరంగా చెప్పుకోవడం అవసరమనిపించింది.

ముందుగా ప్రైమరీ అంటే ఏమిటో చూద్దాం. మన దేశంలో ఎవరికి బి-ఫారం ఇవ్వాలో పార్టీ అధిష్ఠానం నిర్ణయిస్తుంది. ఓటరుకు అందులో పాత్ర లేదు. అక్కడ పార్టీ అభ్యర్థిని ఎంచే పని కూడా ఓటరుదే. ఆ ఎంపిక కోసం జరిగే తొలి విడత ఎన్నికే ప్రైమరీ. నవంబరులో జరిగేది తుది పోటీ. మిషిగన్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు ఫలానా పార్టీవాడినని చెప్పనక్కర లేదు. ఆగస్టు పత్రం మీద రెండు ప్రధాన పార్టీల నిలువు వరుసలూ పక్కపక్కనే ఉంటాయి, ఓటరు ఏదో ఒక వరుసలోనే గుర్తులు పెట్టాలి. అక్కడొకటి ఇక్కడొకటి పెడితే ఆ పార్టీ భాగమంతా చెల్లకుండా పోతుంది. అయితే చివరన ఉన్న పన్ను ప్రతిపాదనలకు ఈ నియమం వర్తించదు. పార్టీల గొడవ నచ్చనివారు ఆ వరుసలు పూర్తిగా వదిలేసి, పన్ను ప్రశ్నకు మాత్రమే జవాబిచ్చి రావచ్చు. ఆ ఓటు నిక్షేపంగా లెక్కలోకి వస్తుంది. ఈ సంగతి అక్కడ పుట్టి పెరిగినవారిలోనే చాలామందికి తెలియదు.

ఇక నమోదు. 2018 నవంబరులో మిషిగన్ ప్రజలు రాజ్యాంగ సవరణ ద్వారా ఈ పద్ధతిని సులభం చేసుకున్నారు. అంతకు ముందు ఎన్నికకు 30 రోజుల ముందే గడువు ముగిసేది. ఇప్పుడు ఎన్నికకు 15 రోజుల ముందు వరకు తపాలా ద్వారా గానీ ఆన్‌లైన్‌లో గానీ నమోదు చేసుకోవచ్చు. ఆ తరువాత మిగిలిన రెండు వారాల్లో, ఎన్నిక నాటి రాత్రి 8 గంటల వరకు కూడా, తమ నగరపు లేక టౌన్‌షిప్ క్లర్క్ కార్యాలయానికి స్వయంగా వెళ్ళి, అక్కడే నివసిస్తున్నట్లు రుజువు చూపి నమోదు కావచ్చు. కరెంటు బిల్లో బ్యాంకు పత్రమో సరిపోతుంది. వయస్సు 18 నిండాలి, ఆ ఊరిలో 30 రోజుల నివాసం ఉండాలి, అమెరికా పౌరసత్వం ఉండాలి.

ఈ మూడో షరతు దగ్గర మనవాళ్ళు ఆగి ఆలోచించాలి. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి గానీ గ్రీన్‌కార్డు ఉన్నవారికి గానీ అక్కడ ఓటు లేదు. ఇరవై ఏళ్ళుగా పన్ను కడుతున్నా లేదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్ళినప్పుడు, దరఖాస్తులో పౌరులేనా అన్న ప్రశ్న దగ్గర తొందరపాటున ఔననడం, లేదా మస్జిదు ముంగిట బల్ల వేసుకున్న కార్యకర్త ఇచ్చిన కాగితం చదవకుండా సంతకం చేయడం, చిన్న పొరపాటుగా కనిపించవచ్చు. కానీ పౌరులు కానివారు సమాఖ్య ఎన్నికలలో ఓటు వేయడం నేరం. పౌరులమని తప్పుగా చెప్పుకోవడం వలస చట్టం కింద దేశం నుంచి పంపివేతకు కూడా దారి తీయగలదు. నమోదు చేయించే ఉత్సాహం ఎంత మంచిదైనా, ఎదుటి మనిషిని ముందుగా అడగవలసినది పౌరసత్వం గురించే. భారత పౌరులుగానే ఉన్నవారికి మన దేశంలో ఓటు హక్కు పోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఫారం 6ఎ ద్వారా స్వగ్రామపు జాబితాలో చేరవచ్చు. అయితే ఎన్నిక రోజున స్వయంగా వచ్చి వేయాలి.

పౌరసత్వం ఉండి కూడా అవమానం పాలైన వారి చరిత్ర ఒకటి అక్కడే ఉంది. హామ్‌ట్రామిక్ అన్నది డెట్రాయిట్ నగరం మధ్యలో ఇమిడిపోయిన చిన్న ఊరు. ఒకప్పుడు పోలండ్ నుంచి వచ్చిన కార్మికులది. తరువాత యెమెన్, బంగ్లాదేశ్ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. 1999 నవంబరు నగర ఎన్నికలలో ఒక స్థానిక బృందానికి చెందిన వ్యక్తులు పోలింగ్ కేంద్రాలలో నిలబడి, అరబ్బు పేరో, ముదురు చాయో కనిపించిన ఓటర్ల పౌరసత్వాన్ని ప్రశ్నించసాగారు. నలభై మందికి పైగా ఓటర్లకు ఈ అనుభవం ఎదురైంది. అమెరికా పాస్‌పోర్టు తీసి చూపినవారిచేత కూడా పౌరులమని ప్రమాణం చేయించిన తరువాతే ఓటు వేయనిచ్చారు. సమాఖ్య న్యాయశాఖ 2000లో నగరంపై వ్యాజ్యం వేసింది. ఎన్నికల సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, అరబ్బు, బెంగాలీ మూలాలున్నవారిని పోలింగ్ కేంద్రాలలో నియమించాలని ఒప్పందం కుదిరింది. ఆ తరువాత 2004లో, మస్జిదు నుంచి ధ్వనివర్ధకంలో అజాన్ పిలుపుకు నగర మండలి అనుమతించగా, వ్యతిరేకులు సంతకాలు సేకరించి ఆ విషయాన్ని ప్రజల ఓటుకు తెచ్చారు. జూలైలో జరిగిన ఆ ఓటింగులో అనుమతి నిలిచింది. 2015లో అదే ఊరి మండలిలో ముస్లింలు ఆధిక్యం పొందారు. ఓటర్ల జాబితాలో పేరు ఉండటానికీ, ఊరి నిర్ణయాలలో మాట చెల్లడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ ఊరు పదహారేళ్ళలో నడిచింది.

జాబితాలో పేరు ఏ ఊరిలో ఉందన్నదీ ముఖ్యమే. 2018లో గవర్నరు పదవికి పార్టీ అభ్యర్థిత్వం కోరుతూ ప్రైమరీలో నిలిచిన డాక్టర్ అబ్దుల్ ఎల్‌సయ్యద్‌కు ఈ చిక్కే వచ్చింది. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉన్న రోజులలో ఆయన అక్కడ ఓటరుగా నమోదయ్యారు. గవర్నరు పదవికి నిలిచేవారు నాలుగేళ్ళు మిషిగన్ ఓటరై ఉండాలన్నది నియమం. వివాదం నడిచింది గానీ చివరకు ఆయన పేరు బ్యాలెట్ మీద నిలిచింది, రెండో స్థానంలో వచ్చారు. వైద్యుడు, ప్రజారోగ్య నిపుణుడు అయిన మనిషికే అంత చిక్కు వచ్చిందంటే, ఉద్యోగం మారినప్పుడల్లా ఊళ్ళు మారే మన పిల్లల సంగతి చెప్పనక్కర లేదు. ఇల్లు మారిన ప్రతిసారీ చిరునామా మార్చుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే పన్ను ప్రశ్నకు వద్దాం.

అక్కడ ఆస్తి పన్ను కొలమానాన్ని మిల్ అంటారు. పన్ను విధింపు విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలరు చొప్పున కడితే అది ఒక మిల్. ఇంటి మార్కెట్ ధరలో సగాన్ని అంచనా విలువగా తీసుకుంటారు. 4 లక్షల డాలర్ల ఇల్లు కొత్తగా కొన్న కుటుంబానికి మరుసటి ఏడు విలువ 2 లక్షలుగా తేలితే, ఒక మిల్‌కు ఏటా 200 డాలర్లు. మన వద్ద మున్సిపాలిటీ ఇంటి పన్ను పెంచితే తెల్లవారి నోటీసు చూసి తెలుసుకుంటాం. మిషిగన్‌లో 1978లో ప్రజలు ఆమోదించిన హెడ్లీ సవరణ ప్రకారం, స్థానిక సంస్థలు కొత్త పన్ను వేయాలన్నా అనుమతించిన రేటు పెంచాలన్నా ఓటర్ల అంగీకారం తీసుకోవాలి. అందుకే బస్సులూ, గ్రంథాలయాలూ, ఉద్యానవనాలూ, అగ్నిమాపక దళమూ ఇలా బ్యాలెట్ చివరకు వచ్చి నిలబడతాయి.

ఆ పేరాలో మూడు మాటలలో ఏది ఉందో వెతకాలి. ‘కొత్తది’ లేక ‘అదనం’ అంటే ఇప్పటి బిల్లుపై పడే కొత్త భారం. ‘పునరుద్ధరణ’ అంటే, ఆస్తుల విలువలు ధరల కన్నా వేగంగా పెరిగినప్పుడు హెడ్లీ సవరణ వల్ల తగ్గిపోయిన రేటును మళ్ళీ పూర్వపు స్థాయికి తేవడం. ఇక్కడా బిల్లు కొంత పెరుగుతుంది. ‘కొనసాగింపు’ అంటే గడువు తీరబోతున్న పన్నును మరికొన్నేళ్ళు పొడిగించడం. కొనసాగింపు కోరేవారు రేటు పెరగదని ప్రచారం చేస్తారు, అది నిజమే. కాదంటే ఆ పన్ను పూర్తిగా ఆగిపోతుందన్నది, దానితో నడిచే సేవ కూడా ఆగవచ్చన్నది అంతే నిజం. ఎంత పన్ను, ఎన్నేళ్ళు, దేనికోసం, మొదటి ఏడు ఎంత వసూలవుతుందన్న వివరాలు ఆ పేరాలోనే ఉంటాయి. భాష మాత్రం వకీలు వ్రాసినట్లు ఉంటుంది. నిదానంగా రెండుసార్లు చదవక తప్పదు.

ఇందులో వలస వెళ్ళిన కుటుంబాలు గమనించవలసిన అసమానత ఒకటుంది. 1994 నాటి సంస్కరణ ప్రకారం, ఒకే యజమాని చేతిలో ఉన్నంతకాలం ఇంటి పన్ను విధింపు విలువ ఏటా 5 శాతానికి గానీ ద్రవ్యోల్బణానికి గానీ, ఏది తక్కువైతే దానికి మించి పెరగరాదు. ఇల్లు అమ్ముడుపోగానే ఆ పరిమితి తొలగి, విలువ మళ్ళీ మార్కెట్ ధరలో సగానికి చేరుకుంటుంది. ఒకే వీధిలో ఒకే మాదిరి రెండు ఇళ్ళు. పాతికేళ్ళ కిందట కొన్న వృద్ధ దంపతుల ఇంటి విలువ 1,10,000 దగ్గర ఆగి ఉండవచ్చు. నిరుడు కొన్న తెలుగు కుటుంబానిది 2 లక్షలు. అదే ఒక మిల్‌కు వారు 110 డాలర్లు కడితే వీరు 200 కడతారు. ఔను, కాదు చెప్పే హక్కు ఆ దంపతులకు ఉంది. వీరిలో చాలామందికి ఇంకా పౌరసత్వం రాలేదు. ఎక్కువ కట్టేవారికే మాట లేకపోవడం న్యాయమా అంటే, కాదనే నా అభిప్రాయం. అయితే ఆ పన్నుతో నడిచే గ్రంథాలయంలో వారి పిల్లలు రోజూ కూర్చుంటారు. కనుక పన్ను అనగానే కాదనడమే ఇంటికి మేలు అనుకోవడం కూడా తొందరపాటే.

ఉదాహరణకు డెట్రాయిట్ కళా సంగ్రహాలయాన్ని చూడండి. 2012 ఆగస్టు ప్రైమరీలో వేన్, ఓక్లండ్, మకోంబ్ కౌంటీల ఓటర్లు దానికి 0.2 మిల్ పన్ను పదేళ్ళ పాటు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. లక్షన్నర డాలర్ల ఇంటికి ఏటా 15 డాలర్లు. దానికి బదులుగా ఆ మూడు కౌంటీల నివాసులకు ప్రవేశం ఉచితం. నివాసులకు అన్నారు గానీ పౌరులకు అనలేదు, గమనించండి.

ఒక్క ఓటుతో ఏమవుతుందనేవారికి 2018 ఆగస్టు 7 మంచి జవాబు. ఆ రోజు మకోంబ్ కౌంటీలో బస్సు సర్వీసులకు ఒక మిల్ పన్ను కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్నకు లక్షన్నరకు పైగా ఓట్లు పడ్డాయి. తేడా నలభైకి లోపే. మళ్ళీ లెక్కించినా ఫలితం మారలేదు, బస్సులు నిలిచాయి. అదే రోజు డెట్రాయిట్ ప్రాంతపు కాంగ్రెస్ స్థానానికి రషీదా త్లైబ్ తన పార్టీ ప్రైమరీని సుమారు 900 ఓట్లతో గెలిచారు. నవంబరులో ప్రత్యర్థి పార్టీ అభ్యర్థి లేనందున గెలుపు ఆగస్టులోనే ఖాయమైంది. విశేషమేమిటంటే, అదే స్థానంలో మిగిలి ఉన్న కొద్ది వారాల కాలానికి అదే రోజు వేరుగా జరిగిన ప్రైమరీలో ఆమె ఓడారు. ఒకే పత్రం, అదే ఓటర్లు, రెండు ఫలితాలు.

మస్జిదుల పాత్ర గురించి ఒక మాట. పన్ను మినహాయింపు పొందిన ధార్మిక సంస్థలు అక్కడ ఫలానా అభ్యర్థికి ఓటు వేయమని చెప్పరాదు. కానీ పార్టీల ప్రస్తావన లేకుండా ఓటర్ల నమోదు జరపవచ్చు, పన్ను ప్రతిపాదనలపై పరిమితికి లోబడి తమ అభిప్రాయం కూడా చెప్పవచ్చు. భాష రానివారికి చదివి చెప్పడం అన్నిటికన్నా ఉపయోగకరమైన సేవ. 2022 ఆగస్టు ప్రైమరీకి డియర్‌బోర్న్ నగరం అరబ్బీలో బ్యాలెట్ పత్రాలు ముద్రించింది. తెలుగులో లేవు కనుక ఆ పని ఇంటివాళ్ళే చేసుకోవాలి.

చాలా తెలుగు ఇళ్ళలో మొదటి ఓటరు తండ్రి కాడు, తల్లి కాదు. అక్కడే పుట్టి 18 నిండిన బిడ్డ. కోరితే ఆ బిడ్డకు బ్యాలెట్ తపాలాలో ఇంటికే వస్తుంది. భోజనాల బల్ల మీద పరచి, అబ్బా పన్ను బిల్లు తెచ్చి, అమ్మీ పిల్లల గ్రంథాలయం సంగతి చెప్పి, ఆ చివరి పేరాను అందరూ కలిసి చదువుకోవచ్చు. గడి నింపవలసింది మాత్రం ఆ బిడ్డే. కవరు మీద సంతకం కూడా ఆ బిడ్డదే అయి ఉండాలి, ఎన్నిక నాటి రాత్రి 8 గంటల లోపు అది క్లర్కు చేతికి చేరాలి.