మనిషి గుణమా, సందర్భమా?

తెలుగులో మనస్తత్వ శాస్త్రం ఎక్కువగా చదివేది ఉపాధ్యాయులు కావాలనుకునేవాళ్లు. కావలిలోనో నెల్లూరులోనో గది అద్దెకు తీసుకుని డీఎస్సీకి తయారయ్యే అభ్యర్థికి ఆల్‌పోర్ట్, కాటెల్, ఐసెంక్, యూంగ్ పేర్లు కంఠతా వచ్చు. రోర్షాక్ పరీక్షలో సిరా మరకల కార్డులు పది అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అయితే ఆ సిద్ధాంతాల్లో ఏది నిలిచింది, ఏది వీగిపోయింది, దేనికి ఎంత ఆధారం ఉంది అన్న సంగతి గైడు పుస్తకంలో ఉండదు. ఆ లోటు తీర్చడానికి తెలుగు వికీపీడియా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో డిగ్రీ విద్యార్థి కూడా వ్యాసం రాయవచ్చు.

నెల్లూరు తీరంలో సైకాలజీ చదువుతున్న ఒక విద్యార్థి మూర్తిమత్వం మీద వ్యాసం రాయాలనుకుంటే ఏ అంశం ఎంచుకోవాలి? మనిషి ప్రవర్తనను నడిపేది అతని గుణమా, అతను ఉన్న సందర్భమా అన్న శాస్త్ర చర్చను ఎంచుకోవాలని నా అభిప్రాయం. అందుకు కారణాలు శాస్త్రంలో ఉన్నాయి, ఈ తీరం చరిత్రలోనూ ఉన్నాయి.

సికింద్రాబాద్ నుంచి హార్వర్డ్ దాకా

సైకాలజీ విద్యార్థులు వికీపీడియాకు రాయాలన్న పిలుపు మన ప్రాంతంలో పుట్టిన శాస్త్రవేత్త ఇచ్చిందే. మహజరీన్ బానాజీ 1956లో సికింద్రాబాద్‌లో పార్శీ కుటుంబంలో పుట్టారు. నిజాం కాలేజీలో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఢిల్లీ నుంచి హైదరాబాద్ వస్తూ దారిలో ఒక రైల్వే స్టేషన్‌లో సాంఘిక మనస్తత్వ శాస్త్రం మీద అయిదు సంపుటాల గ్రంథం చవగ్గా కొన్నాననీ, దాన్ని చదివాకే తన దారి ఏదో తేలిందనీ ఆమె చెప్పుకున్నారు. అమెరికాలో పరిశోధన పూర్తి చేసి, యేల్‌లోనూ ఆ తర్వాత హార్వర్డ్‌లోనూ ఆచార్యులయ్యారు. మనకు తెలియకుండానే మన మనసులో పనిచేసే పక్షపాతాలను కొలిచే పరిశోధనతో పేరు పొందారు.

అమెరికాలోని అసోసియేషన్ ఫర్ సైకలాజికల్ సైన్స్‌కు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 2011లో ఆమె ఒక ఉద్యమం మొదలుపెట్టారు. ప్రజలు మనస్తత్వ శాస్త్రం గురించి ముందుగా చూసేది వికీపీడియానే కాబట్టి అక్కడి వ్యాసాలను సరిచేసే బాధ్యత ఆ శాస్త్రం తెలిసినవాళ్లదేనన్నారు. అధ్యాపకులు తరగతిలో ఇచ్చే పనిగానే విద్యార్థుల చేత వ్యాసాలు రాయించాలని కోరారు. ఇంగ్లీషులో కన్నా తెలుగులో ఆ అవసరం ఎన్నో రెట్లు ఎక్కువ.

ఏవి వద్దు?

‘మూర్తిమత్వం’ అన్న పెద్ద తలకట్టు మీద రాయబోతే వ్యాసం ఎక్కడా లోతుకు దిగదు. అంశం చిన్నదిగా ఉండాలి, దాని మీద ఇతరులు రాసిన నమ్మకమైన సమీక్షలు చాలినన్ని ఉండాలి.

చాలామంది విద్యార్థుల చూపు పదహారు రకాల మనుషుల పరీక్ష మీద పడుతుంది. కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ యూంగ్ ఆలోచనలను ఆధారం చేసుకుని తయారుచేసిన ఆ ప్రశ్నావళి కంపెనీల్లో, కెరీర్ శిబిరాల్లో బాగా వాడుకలో ఉంది. చిక్కల్లా అది మనుషులను అరలుగా విడగొట్టడంలో ఉంది. కలుపుగోలుతనం ఎత్తు లాంటిది. ఎక్కువమంది మధ్యలో ఉంటారు, రెండు కొసల్లో కొద్దిమందే ఉంటారు. నడిమధ్య గీత గీసి ఇటు బహిర్ముఖులు, అటు అంతర్ముఖులు అంటే గీత పక్కనున్న మనిషి కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష రాసినప్పుడు అవతలి అరలో తేలవచ్చు.

ఇలాంటి ఫలితాలు ‘అచ్చం నా గురించే’ అనిపించడానికి కారణాన్ని బెర్ట్రమ్ ఫోరర్ 1948లో చూపించాడు. 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారిదని చెప్పి కాగితాలు పంచాడు. అది ఎంత బాగా సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన ఒకే రాత. చిలక జోస్యం ఎందుకు నమ్మబుద్ధేస్తుందో చెప్పే ఈ ప్రయోగం కూడా మంచి అంశమే. అయినా అది ఒక్క ప్రయోగంతో ముగుస్తుంది. నేను చెబుతున్న చర్చ అంతకన్నా విశాలమైనది.

పుడకలతో గాని పోని బుద్ధి

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మనలో సామెత. ఇరవయ్యో శతాబ్దపు మూర్తిమత్వ శాస్త్రంలో చాలా భాగం ఈ నమ్మకానికి దగ్గరలోనే నడిచింది. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఇంగ్లీషు నిఘంటువు జల్లెడ పట్టి మనుషుల తీరును చెప్పే మాటలు 17,953 ఏరారు. తర్వాతివాళ్లు వాటిని వడగట్టి, గణాంక పద్ధతులతో కలిపి, చివరికి అయిదు పెద్ద విశేషకాలుగా కుదించారు. కొత్తదనం మీద మక్కువ, నియమబద్ధత, కలుపుగోలుతనం, సౌమ్యత, ఆందోళన పడే తత్వం. ఒక్కొక్కటీ ఒక కొలబద్ద. ప్రతి మనిషీ దాని మీద ఎక్కడో ఒకచోట ఉంటాడు.

ఈ కొలతలు మనిషి రేపు ఏం చేస్తాడో చెప్పగలవా? ఈ అనుమానానికి పునాది 1928లోనే పడింది. అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు వేలమంది బడి పిల్లలను తరగతిలో, ఆటల్లో, ఇంటిపనిలో గమనించారు. కాపీ కొట్టే వీలు, అబద్ధమాడే వీలు, చిల్లర కాజేసే వీలు వేర్వేరుగా కల్పించి చూశారు. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లవాడు డబ్బు ముట్టుకోకపోవచ్చు, డబ్బు తీసినవాడు ఆటలో నిజాయితీగా ఉండవచ్చు. నిజాయితీ అన్నిచోట్లా ఒకే మోతాదులో ఉండే సరుకు కాదని తేలింది.

1968లో వాల్టర్ మిషెల్ ఇలాంటి అధ్యయనాలన్నీ ముందేసుకుని ఒక పుస్తకం రాశాడు. ఒక పరీక్షలో తేలిన గుణానికీ, ఒకానొక సందర్భంలో మనిషి చేసే పనికీ మధ్య సహసంబంధం సుమారు 0.30 దాటడం అరుదని చూపించాడు. ఆ అంకెను వర్గం చేస్తే 0.09 వస్తుంది. అంటే మనుషుల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో నూటికి తొమ్మిది పాళ్లే ఆ కొలత చెప్పగలుగుతోంది. ఈ రంగమంతా కుదుపుకు లోనైంది.

జవాబు రెండు వైపుల నుంచి వచ్చింది. 1979లో సేమూర్ ఎప్‌స్టీన్, ఒక రోజు ప్రవర్తనను బట్టి మరో రోజును ఊహించడం కష్టమే గాని, చాలా రోజుల సగటు తీస్తే మనిషి తీరు స్థిరంగా కనిపిస్తుందని చూపించాడు. 1983లో ఫండర్, ఓజర్ అప్పటికి ప్రసిద్ధమైన సందర్భ ప్రయోగాల అంకెలను కూడా సహసంబంధంలోకి మార్చి చూశారు. వాటి బలం కూడా 0.4 చుట్టుపక్కలే ఉంది. గుణం, సందర్భం రెండూ బలమైనవే, ఏదీ ఒంటరిగా చాలదు.

ఆ తర్వాత మిషెల్, యూచి షోదా మరింత నాణ్యమైన మాట చెప్పారు. వేసవి శిబిరంలో పిల్లలను గంటల తరబడి గమనిస్తే, మొత్తం మీద ఒకే మోతాదులో కోపం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడు తోటివాళ్లు ఏడిపిస్తే తిరగబడుతున్నాడు, ఇంకొకడు పెద్దలు హెచ్చరిస్తే తిరగబడుతున్నాడు. ‘ఇలా జరిగితే అలా చేస్తాడు’ అన్న ఈ వరసే మనిషి మూర్తిమత్వమని వాళ్ల వాదన. పట్టపుపాలెంలో పడవ మీద అందరినీ నవ్విస్తూ, ఎవరికైనా ఎదురు చెప్పే మనిషి బ్యాంకు కౌంటర్ ముందు నోరు మెదపకపోవచ్చు. అతను మాటకారా, మొహమాటస్థుడా అని అడిగితే రెండూ అతనే.

తీరం చెప్పే సాక్ష్యం

ఇక్కడే నెల్లూరు విద్యార్థికి మరెవరికీ లేని వసతి ఉంది. గుణాన్ని పుట్టుకకు ముడిపెట్టి చట్టం చేసిన కాలం ఈ తీరం చూసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఒక కులాన్నో తెగనో నేరస్థ జాతిగా ప్రకటిస్తే అందులో పుట్టినవాళ్లు వేలిముద్రలివ్వాలి, పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. కోరితే వాళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉండేది. స్టువర్టుపురం పేరు అందరికీ తెలుసు. కావలిలో కూడా అలాంటి సెటిల్‌మెంటు ఉండేది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ దాన్ని ఎరుకల కుటుంబాల కోసం నడిపింది. సామ్యూల్ బాడెన్ అనే మిషనరీ దాని బాధ్యత చూశాడు.

ఆ కుటుంబాలను ‘నేరస్వభావం’ కలవాళ్లన్నారు. వాళ్ల సందర్భం ఏమిటో ఎవరూ అడగలేదు. ఎరుకలవాళ్లలో ఉప్పు ఎరుకలవాళ్లనే శాఖ ఉంది. తీరం నుంచి ఉప్పు గాడిదల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవాళ్లు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, రైళ్లు కలిసి ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుదెరువు పోయినవాళ్ల తిరుగుడే అధికారులకు నేరలక్షణంగా కనిపించింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన గ్రంథంలో ఈ వరస అంతా వివరించారు.

నెల్లూరు ప్రాంతానికే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ఈ తీరంలోని మరో తెగ యానాదుల కోసం దశాబ్దాలు పనిచేశారు. వాళ్ల జీవితం మీద పుస్తకం రాశారు, ఈ చట్టం పోవాలని పోరాడారు. మద్రాసు రాష్ట్రం 1947లో దాన్ని రద్దు చేసింది, దేశమంతటా 1952లో రద్దయింది. కాగితం మీద చట్టం పోయింది గాని, ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఫలానావాళ్ల గుడిసెలవైపు చూసే అలవాటు అంత తొందరగా పోలేదు.

జన్యువుల మాటేమిటి?

ఇక్కడ చదువరి తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. గుణాలు కొంతవరకు వారసత్వంగా వస్తాయని శాస్త్రమే చెబుతోంది కదా? చెబుతోంది. కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి వూకాసొవిచ్, బ్రాట్కో 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం, మనుషుల మధ్య మూర్తిమత్వ తేడాల్లో సుమారు 40 శాతానికి జన్యు కారణాలున్నాయి. ఈ అంకె ఒక సమూహం లోపల ఉన్న తేడాల గురించే. సమూహానికీ సమూహానికీ మధ్య కనిపించే తేడాకు అది కారణం చూపదు. రిచర్డ్ లెవాంటిన్ 1970లో చెప్పిన ఉదాహరణను మన పొలాల్లో పెట్టి చూద్దాం. కలగాపులగంగా ఉన్న ఒకే బస్తా మొలగొలుకుల విత్తనాల్లోంచి రెండు దోసిళ్లు తీసి, ఒకటి పెన్న కాలువ కింది మడిలో, ఇంకొకటి ఉప్పునీరెక్కిన తీరపు మడిలో చల్లారనుకోండి. ఒకే మడిలో మొక్కకూ మొక్కకూ ఉన్న తేడా విత్తనం వల్ల వచ్చింది. రెండు మళ్ల మధ్య తేడా పూర్తిగా నేల వల్ల వచ్చింది. నేరస్థ జాతుల చట్టం వెనకున్న ఆలోచన ఉప్పు మడిని చూసి విత్తనాన్ని తిట్టింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి గురించిన ఆ సామెత కూడా పూర్తిగా నిలబడదు. మనుషులను ఏళ్ల తరబడి వెంటాడి చూసిన 92 అధ్యయనాలను బ్రెంట్ రాబర్ట్స్ బృందం 2006లో కలిపి చూస్తే, ముఖ్యంగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య నియమబద్ధత, ఉద్వేగ స్థిరత్వం సగటున పెరుగుతున్నాయని తేలింది.

రాయడం ఎలా?

విజ్ఞాన సర్వస్వంలో రచయిత అభిప్రాయానికి చోటు లేదు. తటస్థ దృక్కోణం ఉండాలి, ప్రతి మాటకూ ఆధారం చూపాలి, సొంత పరిశోధన చేర్చకూడదు. మైపాడు రేవులో నలభైమంది చేత ప్రశ్నావళి నింపించి ఆ ఫలితం వ్యాసంలో పెడతామంటే కుదరదు. దాన్ని ముందు పరిశోధన పత్రికలో ప్రచురించాలి, ఇతరులు పరిశీలించాలి. మిషెల్ వాదన ఎంత బలంగా రాస్తే ఎప్‌స్టీన్ జవాబూ అంతే బలంగా రాయాలి. అమెరికా కాలేజీ విద్యార్థుల మీద తేలినవన్నీ అందరికీ వర్తించవని కూడా చెప్పాలి. బొలీవియా అడవుల్లోని సిమానే ప్రజల్లో ఆ అయిదు విశేషకాలు స్పష్టంగా కనబడలేదని గర్వెన్ బృందం 2013లో ప్రకటించింది. వేట, చేపలు, పోడు మీద బతికే ప్రజల సంగతి అది కాబట్టి మన తీరంలో పనిచేయబోయే పరిశోధకులకు అది ముఖ్యమైన హెచ్చరిక.

యంత్రానువాదాన్ని అతికించడం వల్ల ఉపయోగం లేదు. ముందుగా తన ప్రయోగశాల పేజీలో చిత్తుప్రతి రాసుకోవాలి. మొదటి పేరాలో చర్చ సారం, తర్వాత చరిత్ర, ఆధారాలు, ఎదురు వాదాలు, నేటి స్థితి. పారిభాషిక పదాల మీద సందేహం వస్తే రచ్చబండలో అడగవచ్చు. కావలి సెటిల్‌మెంటు కథ ఈ వ్యాసంలో ఇమడదు. దానికి వేరే వ్యాసం కావాలి, రెంటికీ లింకు ఉండాలి. చిన్న ‘మొలక’గా మొదలైనా ఫరవాలేదు, ఉన్న నాలుగు పేరాలూ నిక్కచ్చిగా ఉంటే తర్వాతివాళ్లు పెంచుతారు.

ఈ అంశం ఎంచుకోమనడానికి నాకున్న అసలు కారణం ఇదే. ఒక్క పనిని చూసి మనిషి గుణం తేల్చకూడదని మూర్తిమత్వ శాస్త్రం నేర్పుతుంది. ఒక్క ఆధారాన్ని చూసి వాస్తవం తేల్చకూడదని విజ్ఞాన సర్వస్వం నేర్పుతుంది. రెండింటిదీ ఒకే క్రమశిక్షణ. రేపు టీచరుగా వెళ్లే డీఎస్సీ అభ్యర్థి ఈ వ్యాసం చదివితే, వెనక బెంచీలో కూర్చున్న యానాది పిల్లవాడు హోంవర్క్ చేయలేదని ‘వీళ్ల తీరే ఇంత’ అనేముందు, వాడింట్లో రాత్రి దీపం ఉందో లేదో కనుక్కుంటారు. అలా కనుక్కునే టీచర్లు తయారయ్యేందుకు తోడ్పడే వ్యాసాన్ని తెలుగులో రాయడం ఒక విద్యార్థి ఈ ఏడాది చేయదగిన మేలైన పని.