ఎలుగు వేట – తలకిందులైన పాఠం

"వచ్చే వసంతంలో మొదటిసారి నల్ల ఎలుగు వేటకు పోతున్నాను. మీ వైపు ఎలుగులు వుంటాయి గదా, ఎట్లా తయారు కావాలో చెప్పు" అని మన పూర్వవిద్యార్థి మిత్రుడొకడు అమెరికాలోని మాంటానా రాష్ట్రం నుంచి నన్ను అడిగాడు. నాది బీర్కూర్. బాన్సువాడకు దగ్గర. మంజీర ఇసుక, నిజాంసాగర్ కాలువ నీళ్లు, కనుచూపు మేర వరి మళ్లు – ఇవి చూస్తూ పెరిగినవాడికి ఎలుగు సంగతి ఏం తెలుసునని సోదర విద్యార్థులు నవ్వవచ్చు. కాని మా తాత వయసులో వున్నప్పుడు పెద్దల షికారులో హాకా కొట్టడానికి పోయినవాడు. మా చుట్టాలలో సగం మంది ఇప్పటికీ గుట్టల పక్క వూళ్లలో వుంటూ, ఎండాకాలం వచ్చిందంటే ఇప్పపువ్వుకూ తునికాకుకూ అడవి బాట పట్టేవాళ్లు. అందుచేత మిత్రుడి ప్రశ్నకు జవాబు రాయబోయి, అంతకంటె ముఖ్యమైన మరో ప్రశ్నకు కూడా జవాబు రాయవలసి వచ్చింది. ఆ జవాబే ఈ వ్యాసం.

అక్కడి వేట

మాంటానాలో వేట చట్టబద్ధం. కాని పర్మిట్ వూరికే దొరకదు. అక్కడ నల్ల ఎలుగుతో పాటు గ్రిజ్లీ అనే పెద్ద ఎలుగు కూడా వుంది. దాన్ని కాపాడుతున్నారు కనుక, రెండింటికీ తేడా గుర్తుపట్టగలనని ముందుగా పరీక్ష రాసి ప్యాస్ కావాలి. అక్కడి ఎలుగు చలికాలమంతా గుహలో నిద్రపోయి, మంచు కరిగే వేళకు ఆకలితో బయటికి వస్తుంది. ఎండ తగిలి ముందుగా పచ్చబడిన కొండవాలుల్లో గడ్డి మేస్తుంది. వేటగాడు ఎదుటి కొండ మీద కూర్చుని, దుర్బీను పెట్టుకుని గంటల తరబడి చూస్తాడు. గాలి తన ముఖానికి కొట్టేటట్టు చూసుకుంటాడు. చప్పుడు చెయ్యడు. ఎలుగు కంటబడినా వెంటనే కాల్చకుండా, వెనుక పిల్లలు వున్నాయేమోనని కనిపెడతాడు. పిల్లల తల్లిని కొట్టరాదని అక్కడి నియమం.

ఈ పిల్లల సంగతి చిన్నది కాదు. తల్లి చనిపోతే వసంతంలో పసికూనలు ఆకలితో చస్తాయన్న వాదం మీదే కొలరాడో రాష్ట్ర ప్రజలు 1992లో వోటు వేసి తమ రాష్ట్రంలో వసంత వేటను ఆపివేశారు. కెనడాలోని ఒంటారియో ప్రభుత్వం 1999లో ఆపి, 2014లో మళ్లీ మొదలుపెట్టింది. అంటే వేట సాగే దేశాల్లో కూడా వసంత వేట తెగని తగవే.

మన ఎలుగు వేరు

మన ఎలుగుబంటిని మావైపు గుడ్డెలుగు అంటారు. 1791లో జార్జి షా అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీని పొడుగాటి గోళ్లూ, ముందు పళ్లు లేని దవడా చూసి, ఇది దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్ జాతి జంతువని పొరబడ్డాడు. తరవాత సంగతి తెలిసింది గాని, ఇంగ్లీషులో 'స్లాత్ బేర్' అనే పేరు నిలిచిపోయింది. నిజానికి ఆ పళ్లు లేకపోవడం దానికి వరం. పైదవడలో నడిమి రెండు పళ్లూ లేని సందు గుండా చెదలను గాలితో సహా లోపలికి పీలుస్తుంది. గోళ్లతో పుట్ట తవ్వి, ముక్కుపుటాలు మూసుకుని, దుమ్మును వూది, తరవాత పీల్చినప్పుడు వచ్చే చప్పుడు నూరు గజాల అవతలికి కూడా వినిపిస్తుంది. ఆ పనిలో వున్నప్పుడు దానికి మన అడుగుల చప్పుడు వినిపించదు. అసలు దాని ముక్కు చురుకు. కన్నూ చెవీ అంతంత మాత్రం.

ఇది చలికాలం నిద్రపోదు. ఏడాది పొడుగునా తిరుగుతుంది. ఈనేది సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో, బండల సందుల్లోనో గుహలోనో. ఎక్కువగా రెండు పిల్లలు. రెండు మూడు నెలలు పోయాక తల్లి వాటిని వీపు మీద ఎక్కించుకుని బయటికి వస్తుంది. ఇక్కడ పాఠకులు ఒక లెక్క వేసుకోవాలి. అప్పటికి ఫాల్గుణం వస్తుంది. అడవిలో ఆకు రాలి, ఇప్పచెట్టు పూతకు వస్తుంది. ఇప్పపువ్వు రాత్రిపూట రాలుతుంది. తెల్లవారేసరికి చెట్టు కింద తెల్లగా పరుచుకుని వుంటుంది. ఎలుగుకు అది ప్రాణం. ఆ తరవాత మొర్రిపండ్లు, తునికిపండ్లు, వానలు పడే వేళకు నేరేడు. మనుషులకు ఇప్పపువ్వూ తునికాకూ దొరికే చోటూ అదే, కాలమూ అదే. నీటికుంటలు ఎండిపోయి మిగిలిన ఒక్క చెలిమె దగ్గరికి ఇద్దరూ వస్తారు. మన వసంతంలో ఎలుగును వెతుక్కుంటూ పోనక్కరలేదు. కూలికి పోతే అదే ఎదురవుతుంది.

మీదికే ఎందుకు వస్తుంది?

"పులి మనిషిని చూస్తే పక్కకు జరుగుతది బిడ్డా. గుడ్డెలుక్కు పక్కకు జరుగుడు తెల్వదు, మీదికే వస్తది" అని మా తాత చెప్తుండె. దానికి శాస్త్రజ్ఞులు చెప్పే కారణం కూడా దగ్గరదగ్గరగా అదే. అమెరికా నల్ల ఎలుగు భయపడితే చెట్టెక్కి తప్పించుకుంటుంది. మన ఎలుగు చెట్టెక్కగలదు గాని, చెట్టెక్కి పులి నుంచీ చిరుత నుంచీ బతికి బట్టకట్టలేదు. బెదిరించి, ఎదురు తిరిగి బతికిన జాతి అది. మనిషిని తినడానికి రాదు. హఠాత్తుగా దగ్గర పడ్డ మనిషిని తరమడానికి వస్తుంది. రెండు కాళ్ల మీద లేచి, ముఖానికీ తలకూ దెబ్బ వేస్తుంది. అందుకే బతికి బయటపడ్డవాళ్లకు కూడా కన్నో ముక్కో పోతుంది. మా చిన్నమ్మ వూరిలో ఒకాయనను నేను ఎరుగుదును. తెల్లవారుజామున ఇప్పచెట్టు కిందికి వంగి నడిచాడు. అవతలి వైపు నుంచి అదే చెట్టు కిందికి తల్లి ఎలుగు వచ్చింది. ఇప్పుడాయనకు ఒక కన్ను లేదు. నలుగురిలోకి వచ్చేటప్పుడు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంటాడు.

వినాయకచవితి నాడు అక్షింతలు చేత పట్టుకుని మనమందరం శమంతకోపాఖ్యానం వింటాం. జాంబవంతుడు మణిని తెచ్చి గుహలో తన బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చాడు. కృష్ణుడు గుహలోకి వచ్చాడు. దాది కేక వేసింది. జాంబవంతుడు వచ్చి కలియబడ్డాడు. భాగవతం ప్రకారం యుద్ధం 28 రోజులు సాగింది. కథను పక్కన పెట్టి చూసినా, గుహలో పిల్ల, గుమ్మంలో కొత్తవాడు – ఎలుగు మీదికి రావడానికి ఈ రెండూ చాలునని కథ చెప్పినవాడికి తెలుసు.

మన దగ్గర వేట – నాడూ నేడూ

నిజాం కాలంలో ఈ ప్రాంతం షికారుకు పేరు పడ్డది. మెదక్, కామారెడ్డి జిల్లాల హద్దులో వున్న పోచారం అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం, 1952లో అభయారణ్యమైంది. ఎలుగును వేటాడే పద్ధతులు ముఖ్యంగా మూడు. ఒకటి, డప్పులతో కేకలతో హాకా కొట్టి తుపాకుల ముందుకు తోలడం. రెండు, వెన్నెల రాత్రి ఇప్పచెట్టు దగ్గర కాపు కాయడం. మూడు, మేత నుంచి తిరిగి వచ్చే ఎలుగు కోసం తెల్లవారుజామున గుహ పైబండ మీద కూర్చోవడం. హాకాలో ముందు దెబ్బ తినేది తుపాకి పట్టినవాడు కాదు, కట్టె పట్టుకుని పొదలో దూరే కూలివాడని వేరుగా చెప్పనక్కరలేదు.

బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ తన 1957 నాటి పుస్తకంలో 'మైసూరు నల్ల ఎలుగు' కథ రాశాడు. అది కనీసం 12 మందిని చంపి, ఇరవై మందికి పైగా గాయపరిచిందనీ, చివరకు తాను కాల్చి చంపాననీ చెప్పాడు. అటువంటి ఎలుగు అరుదు. మామూలు ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చే ఏర్పాటు అందులో వుండేది. 1991 సవరణతో అది పోయింది. ఇప్పుడు ఎలుగు మొదటి షెడ్యూలులో వుంది. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. 2022 సవరణ ప్రకారం జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. ప్రాణరక్షణకు సదుద్దేశంతో చంపితే నేరం కాదు. కాని కళేబరం ప్రభుత్వానిదే. కొవ్వూ, పిత్తం, తాయెత్తుకు వెంట్రుక – ఏది అమ్మినా నేరమే. అడవిపంది కోసం చేనుకు కరెంటు తీగ పెడితే ఎలుగూ చావవచ్చు, పక్క చేను రైతూ చావవచ్చు.

పాఠం తలకిందులు చేస్తే

కనుక మన గడ్డ మీద ఎలుగు వేటకు తయారు కావడమనే ప్రశ్న లేదు. ఎలుగుకు ఎదురుపడకుండా తయారు కావడమనేదే ప్రశ్న. దీనికి కొత్త శాస్త్రం అక్కరలేదు. వేటగాడు నేర్చుకున్న పాఠాన్నే తలకిందులు చెయ్యాలి.

వేటగాడు ఒంటరిగా పోతాడు; కూలికి పోయేవాళ్లు నలుగురైదుగురు కలిసి పోవాలి. వేటగాడు నోరు కట్టుకుంటాడు. మనం మాట్లాడుతూ, దగ్గుతూ, కట్టెతో చెట్టును తడుతూ నడవాలి. వేటగాడు గాలికి ఎదురు పోతాడు. వీలున్నంతవరకు మనం గాలి వీపున వుంచుకోవాలి, మన వాసన ముందుగా పోయి దానికి కబురు చెప్తుంది. వేటగాడు తెల్లవారుజామున, మునిమాపున పోతాడు. మనం పొద్దెక్కాక పోయి, పొద్దుండగానే రావాలి. వేటగాడు గుహలు వెతుకుతాడు. మనం బండల సందులకూ గుబురు పొదలకూ దూరం తిరగాలి.

గుర్తులు మాత్రం ఇద్దరూ ఒకే విధంగా చదవాలి. తాజాగా తవ్విన చెదపుట్ట, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు, పండ్ల గింజలున్న పెంట, మనిషి పాదంలా మడమతో పడ్డ వెనుక కాలి గుర్తు, దాని ముందు దూరంగా గోళ్ల పోట్లు – ఇవి కనబడితే ఆ పూట ఆ చోటు వదలాలి. కుక్కను తీసుకుపోరాదు. అది ఎలుగును రెచ్చగొట్టి, తిరిగి యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకు వస్తుంది.

ఎలుగు దూరాన కనబడితే పరుగెత్తవద్దు. దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కు నడవాలి. పల్లానికి పరుగెత్తితే ఎలుగు రాలేదనీ, చెట్టెక్కితే బతకవచ్చుననీ మన వూళ్లలో చెప్పే మాటలు నమ్మతగినవి కావు. అది మనకంటె వేగంగా పరుగెత్తుతుంది, చెట్టూ ఎక్కుతుంది. మీద పడిందంటే బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, రెండు చేతులు మెడ వెనుక జోడించి కదలకుండా వుండాలి. కాపాడుకోవలసినవి ముఖమూ మెడానూ. భయం తీరాక అది వెళ్లిపోతుంది. దెబ్బ తగిలినవారిని వెంటనే ఆసుపత్రికి చేర్చి, ధనుర్వాతం సూదితో పాటు కుక్కకాటుకు ఇచ్చే టీకాలు కూడా అడిగి వేయించాలి. అటవీ కార్యాలయంలో అదే రోజు రాతమూలంగా తెలియజేసి, డాక్టరు కాగితాలు దాచుకోవాలి. నష్టపరిహారానికి అవే ఆధారం.

చెప్పినంత సులువు కాదు

"పొద్దెక్కినాక పోతే పువ్వు దక్కుతదా?" అని మా చిన్నమ్మ అడిగింది. ఆమె మాట నిజం. ముందు చేరినవాడికే పువ్వు. తునికాకు కూడా అంతే: యాభై ఆకుల కట్టలు పొద్దు వాలకముందే కల్లానికి చేరాలి. మాంటానా వేటగాడికి వేట సరదా. ఇష్టం లేకపోతే ఇంటి దగ్గర వుండవచ్చు. కూలివాళ్లకు ఆ వెసులుబాటు లేదు. నిజామాబాదు వైపు ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతికి వచ్చే ఆకు వెనుక ఈ భయం కూడా వుంది.

అందుచేత ఒక్కొక్కరికి జాగ్రత్తలు చెప్పి వదిలితే చాలదు. వూరంతా ఒక కట్టుబాటు చేసుకోవాలి. పొద్దు పొడిచేదాకా ఎవరూ చెట్టు కిందికి పోరాదు. ఏ చెట్టు ఏ ఇంటిదో ముందే పంచుకోవాలి. అప్పుడు ముందు పోవాలన్న ఆత్రం వుండదు. కల్లందారులు కూడా కొనుగోలు గంటలను దానికి తగినట్టు జరపాలి. గుట్టలను కంకరకు పగలగొట్టడం ఆపితే, అడవి లోపల కుంటలు నిలబెడితే, ఎలుగుకు వూరి వైపు వచ్చే అవసరం తగ్గుతుంది. కర్ణాటకలో బళ్లారి వైపు దరోజీ గుట్టలను 1994లో ఎలుగుల కోసమే అభయారణ్యం చేశారు. మన గుట్టలకు అంత పేరు అక్కరలేదు, అవి మిగిలితే చాలు.

మన విద్యార్థి సంఘానికి నా మనవి ఒకటే. ఎన్.ఎస్.ఎస్. శిబిరాలు కొన్ని ఎండాకాలం సెలవుల్లో పెడతారు. అప్పటికి ఇప్పపువ్వు అయిపోతుంది. ఒక్క శిబిరమైనా మాఘమాసంలో, పువ్వు రాలకముందే, గుట్టల పక్క వూరిలో పెట్టండి. ఈ నాలుగు మాటలు వాళ్ల భాషలో చెప్పండి. ఆ కట్టుబాటు కాగితం మీద రాయడానికి వాళ్లకు ఒక చేయి సాయం పట్టండి. వాళ్లలో పెద్దలకు ఎలుగు సంగతి మనకంటె బాగా తెలుసు. అది కూడా రాసుకుని రండి.