పెట్రోల్ మారింది... మీ పాత బండి ప్యాకింగ్ మార్చారా?

మొన్న వేసవిలో బెంగళూరు నుంచి రాయచోటికి వెళ్లా. పొద్దున్నే వాకిట్లో గుప్పున పెట్రోల్ వాసన. చూస్తే మా నాయన 2006 మోడల్ బైకు కింద నేలంతా తడి. ట్యాంకు అడుగున ఉండే పెట్రోల్ ట్యాప్ దగ్గర చుక్క చుక్కగా కారుతోంది.

ఇంజినీరింగ్ చదివాం కదా, ఇదెంత పని అనుకున్నా. కొత్త ట్యాప్ కొన్నా. మధ్యలో ఉండే రబ్బరు ప్యాకింగ్ మాత్రం పాతదే వేసి, చుట్టూ గ్యాస్కెట్ పేస్టు దట్టంగా పూశా. కారడం ఆగింది. నాయన మెచ్చుకున్నాడు కూడా.

మూడో రోజు కడప నుంచి వస్తుంటే గువ్వలచెరువు ఘాట్‌లో, వెనక లారీ వస్తుండగా బండి ఆగిపోయింది. నాయన ఎలాగో పక్కకు తోసుకున్నాడు. ఫోన్ రాగానే నా గుండె జారిపోయింది.

మెకానిక్ అన్న ట్యాప్ విప్పి చూపించాడు. లోపలి జాలీకి పేస్టు జిగురులా పట్టేసింది. “పెట్రోల్‌లో మామూలు పేస్టు నిలవదబ్బా. ఉబ్బి, ముక్కలై లోపలికి పోతాది. ప్యాకింగ్ మార్చకుండా ట్యాప్ మారిస్తే ఏం లాభం?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ప్యాకింగ్ ఎందుకు పాడవుతుంది?

ట్యాంకుకీ ట్యాప్‌కీ మధ్య కంటికి కనిపించని సందులుంటాయి. మెత్తటి ప్యాకింగ్ నలిగి వాటిని మూసేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడి, పగులుతుంది. ఒకసారి నలిగినదాన్ని మళ్లీ వేస్తే సరిగా కూర్చోదు.

దీనికి తోడు పెట్రోలూ మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. పాత బండ్ల రబ్బరు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. మా భాషలో చెప్పాలంటే ఇది కంపాటిబిలిటీ సమస్య.

సైకిల్ ట్యూబు కత్తిరించి వేస్తే పెట్రోల్‌కి ఉబ్బిపోతుంది. నైట్రైల్ రబ్బరు పెట్రోల్‌ని తట్టుకుంటుంది. దుకాణాల్లో ‘వైటాన్’ అని అడిగితే దొరికే రకం ఇథనాల్‌కి ఇంకా బాగా ఆగుతుంది. కారుతున్న చోట బట్టల సబ్బు రుద్దడం మెకానిక్ దాకా చేరడానికే, ఆ తర్వాత పనికిరాదు.

మీరే మారుస్తారా? ఇవి మర్చిపోకండి

• ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయటే పని మొదలుపెట్టండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. సిగరెట్, పొయ్యి, దీపం దగ్గర్లో ఉండకూడదు.

• ముందు ట్యాంకు ఖాళీ చేయండి.

• పాత ప్యాకింగ్ ముక్కల్ని ప్లాస్టిక్ స్కేలుతో గీకండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే గీతలు పడి, అక్కడే మళ్లీ కారుతుంది.

• కొత్త ప్యాకింగ్ పేస్టు లేకుండా వేయండి. బోల్టుల కింది వాషర్లు కూడా మార్చండి.

• రెండు బోల్టులుంటే ఇదికొంత, అదికొంత బిగించండి. బలం చూపిస్తే ప్యాకింగ్ బయటికి తన్నుకొస్తుంది.

• కొంచెం పెట్రోల్ పోసి, కింద అట్టముక్క పెట్టి అరగంట చూడండి. తడి లేదంటేనే స్టార్ట్ చేయండి.

ట్యాప్ సరిగ్గా ఇంజిన్ పైనే ఉంటుంది. అక్కడ కారే చుక్క వేడి ఇంజిన్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నాయన ఇప్పుడూ అదే బండి మీద కడప పోయొస్తున్నాడు. నేను ఇంటికెళ్తే బ్యాగు దించకముందే ట్యాప్ కింద వేలు పెట్టి చూస్తా. మీ ఇంట్లో పాత బండి ఉందా? ఈ సాయంత్రం ఒకసారి వంగి చూడండి.