మల్లెకు దూరపు చుట్టం... లైలాక్!

చీరల షాపులో 'లైలాక్ కలర్' అని అడిగి చూడండి. సేల్స్‌మన్ క్షణం ఆలోచించకుండా లేత ఊదా చీర తీసి మీ ముందు పరుస్తాడు. కాస్త నీలం, కాస్త గులాబీ కలిసిన ఆ మెత్తటి రంగు మనందరికీ తెలుసు. ఆ రంగుకి పేరిచ్చిన పువ్వుని మాత్రం మనలో చాలామంది చూసి ఉండరు. చూసినవాళ్లెవరంటే అమ్మాయికో, కోడలికో పురుడు పోయడానికి వేసవిలో అమెరికా వెళ్లొచ్చిన అమ్మలూ, అత్తగార్లూ. మే నెలలో న్యూయార్క్, బోస్టన్ వైపు ఉంటే ఇళ్ల ముందు గుత్తులు గుత్తులుగా కనిపించేది ఈ పువ్వే. వీధి మలుపులోనే వాసన పలకరిస్తుంది. అంత పూసినా ఒక్కరూ తల్లో పెట్టుకోరేమిటా అని మనవాళ్లకు ఆశ్చర్యం!

ఆ పేరు మనకంత పరాయిదేమీ కాదు. సంస్కృతంలోని 'నీల' పారశీకానికి చేరి 'నీలక్' అయింది. నీలిఛాయ ఉన్నది అని అర్థం. అదే 'లీలక్'గా మారి, అరబ్బీ, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషువాళ్ల నోట లైలాక్ అయింది. పువ్వుకీ మనకీ ఇంకో చుట్టరికం ఉంది. మల్లె, జాజి, పారిజాతం, లైలాక్... అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. ఆలివ్ చెట్టు ఆ కుటుంబానికి పెద్ద. దగ్గరగా చూస్తే పోలిక తెలుస్తుంది. సన్నటి గొట్టంలాంటి కాడ, దాని చివర విప్పుకున్న రేకులు. కాకపోతే లైలాక్‌కి నాలుగే రేకులు. ఎక్కడో ఒక పువ్వుకి అయిదుంటాయి. అలాంటిది దొరికితే మనసులో కోరిక తలుచుకుని నమిలి మింగేస్తారట రష్యాలో!

దీని పుట్టిల్లు తూర్పు ఐరోపాలోని బాల్కన్ కొండలు. బల్గేరియా, రుమేనియా, సెర్బియాల్లో రాళ్ల మధ్య దానంతటదే పెరుగుతుంది. అక్కడినుంచి తురుష్కుల తోటలకు, 16వ శతాబ్దంలో ఇస్తాంబుల్ నుంచి వియన్నాకు, తర్వాత ఐరోపా అంతటికీ చేరింది. పది, పదిహేను అడుగుల పొద. ఆకులు అచ్చు హృదయాకారం. చలికాలమంతా ఎండు పుల్లల్లా నిలబడి, వసంతం రాగానే చిగిర్చి జానెడేసి గుత్తులు వేస్తుంది. పూసేది ఏడాదికి ఒక్కసారి. అదీ పది రోజులు, మహా అయితే రెండు వారాలు.

నిచ్చెన ఎక్కిన ఇల్లాలు

ఇవాళ తోటల్లో కనిపించే ముద్దపూల లైలాక్ వెనుక ఒక ఇల్లాలి చేతి చలవ ఉంది. ఫ్రాన్స్‌లోని నాన్సీ పట్నంలో విక్టర్ లెమాయిన్ అనే పెద్ద నర్సరీ ఆయన ఉండేవాడు. 1870లో యుద్ధం వచ్చి, జర్మన్ సైన్యం ఊళ్లో దిగింది. వ్యాపారం స్తంభించిపోయింది. ఆ తీరిక రోజుల్లో ఆయన దృష్టి పెరట్లోని ఒక పాత లైలాక్ పొద మీద పడింది. దానివి చిన్న చిన్న ముద్దపూలు. చూడటానికి పెద్ద అందంగా ఉండేవి కావు. వేరే రకాల పుప్పొడితో సంకరం చేస్తే పెద్ద ముద్దపూలు వస్తాయని ఆయన ఆశ. కానీ ఆయనకు చూపు మందగించింది. పువ్వేమో వేలిగోరంత కూడా ఉండదు. అప్పుడు ఆయన భార్య మరీ లూయీజ్ నిచ్చెన వేసుకుని ఎక్కి, ఒక్కో పువ్వునీ విప్పి పుప్పొడి అద్దింది. అంత కష్టానికి మొదట్లో దక్కినవి కొద్దిపాటి గింజలే. అయినా వదల్లేదు. ఆ ఇంటినుంచి తర్వాత రెండొందలకు పైగా రకాలు వచ్చాయి. 1890లో వచ్చిన తెల్లటి ముద్దపూల రకానికి 'మదామ్ లెమాయిన్' అని పేరు పెట్టారు. ఇప్పటికీ దొరుకుతుంది. తోటల చరిత్రలో ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంటే, ఆవిడకు మిగిలింది ఆ ఒక్క పువ్వు!

రెండో ఆవిడ మాత్రం తన పేరుతోనే నిలిచింది. హల్డా క్లేగర్ అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఉడ్‌లాండ్‌లో ఉండే రైతు ఇల్లాలు. పెద్ద చదువులేమీ లేవు. ఆపిల్ పై చేసేటప్పుడు చిన్న కాయల తొక్క తీయలేక విసుగొచ్చి, పెద్ద కాయలు కాసే రకం కోసం సంకరాలు మొదలుపెట్టిందట. (వంటింటి విసుగులోంచి పుట్టిన పరిశోధన!) 1905లో లైలాక్‌ల మీదికి వచ్చింది. అయిదేళ్లలో పద్నాలుగు కొత్త రకాలు సాధించింది. ఏటా పూలకాలంలో తోట గేటు తీసిపెట్టి అందరినీ రమ్మనేది.

1948లో కొలంబియా నదికి వరదొచ్చి లైలాక్ తోటంతా పోయింది. ఆవిడకప్పటికి ఎనభై దాటాయి. నలభై ఏళ్ల పని నీళ్లపాలైంది. అయితే, అన్నేళ్లుగా ఆ తోటలో మొక్కలు కొనుక్కెళ్లినవాళ్లు ఊరుకోలేదు. తమ పెరళ్లలో పెరిగినవాటినుంచి పిలకలు తీసి తెచ్చి ఇచ్చారు. ఆవిడ మళ్లీ పాతింది. 1950లో మళ్లీ గేటు తెరిచింది. 1960లో కన్నుమూసింది. తర్వాత ఆ స్థలం చేతులు మారబోతుంటే స్థానిక గార్డెన్ క్లబ్ స్త్రీలే పూనుకుని కాపాడారు. తోట ఇప్పటికీ ఉంది.

కత్తెర ఎప్పుడు పట్టాలి?

చలిదేశాల్లో ఉన్న మన అమ్మాయిలు పెట్టుకోదగ్గ మొక్క ఇది. మైనస్ 40 డిగ్రీలనైనా తట్టుకుంటుంది. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి, నీరు నిలవకూడదు. నేల పులుపైతే కాస్త సున్నం కలపాలి. ఎరువు మరీ దట్టించకండి, ఆకే తప్ప పువ్వుండదు. నాటిన మూడు నాలుగేళ్లకుగాని సరిగా పూయదు కాబట్టి ఓపిక పట్టాలి. ఒకసారి కుదురుకుంటే నూరేళ్లు ఉంటుంది. న్యూ ఇంగ్లండ్ పల్లెల్లో ఇల్లు కూలిపోయి పునాదిరాళ్లే మిగిలినచోట కూడా గుమ్మం పక్కన లైలాక్ పూస్తూనే ఉంటుంది.

'బోలెడు ఆకులున్నాయి, పువ్వే లేదు' అని అమ్మాయి ఫోన్లో వాపోతే, కత్తెర ఎప్పుడు పట్టిందో అడగండి. వచ్చే ఏడాది మొగ్గలు ఈ వేసవిలోనే కొమ్మల చివర కట్టేస్తాయి. సెప్టెంబరులో పొదని గుండ్రంగా, ముచ్చటగా కత్తిరించామా, వచ్చే ఏటి పూలన్నీ చెత్తబుట్టలోకే! పూలు వాడిన వెంటనే కత్తిరింపు ముగించాలి. ముదురు కొమ్మలుంటే ఏడాదికి మూడోవంతు చొప్పున మొదలంటా తీసేయాలి. వేసవి చివర ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు వస్తుంది. చూడటానికి బాగుండదుగాని మొక్కకు ప్రాణభయమేమీ లేదు.

మన దగ్గర పెంచొచ్చా?

వద్దు. పువ్వు రావాలంటే దానికి వారాల తరబడి గట్టి చలి కావాలి. అరకు చలి మనకు గొప్పేగాని, పగలు ఎండ కాసేస్తుంది కదా, లైలాక్‌కి అది చాలదు. మన దేశంలో కాశ్మీరు లాంటి చోట్లే దీనికి నప్పుతాయి. రంగురంగుల ఫొటోలతో 'లైలాక్ విత్తనాలు' అని ఆన్‌లైన్లో ఊరిస్తారు. కొనకండి. విత్తనంతో పెట్టిన మొక్కకు తల్లి పోలిక వస్తుందన్న నమ్మకం ఎలాగూ లేదు. పేరుతోనూ జాగ్రత్త. ఇంగ్లీషులో 'పర్షియన్ లైలాక్' అని మన తురకవేపనూ అంటారు. దానికీ లేత ఊదా పూలే, సువాసనే. కాయలు మాత్రం విషం. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

ఇక సెంట్ల సంగతి. మల్లె, గులాబీల్లా లైలాక్ పూలనుంచి అత్తరు తీయడం కుదరదు, వేడికి ఆ వాసన నిలవదు. సీసా మీద లైలాక్ అని ఉన్నా లోపలున్నది ప్రయోగశాలలో కూర్చిన పరిమళమే. 'అసలు సిసలు లైలాక్ నూనె' అని ఎక్కువ ధర చెబితే నమ్మకండి.

పూలు మాత్రం తినొచ్చు, మందులు చల్లనివైతేనే సుమా. అమెరికా వెళ్లినప్పుడు చేసి చూడండి. ఆకుపచ్చ తొడిమలు తీసేసి పూలు మాత్రం ఒలిచి, గాజు సీసాలో ఒక వరస పంచదార, ఒక వరస పూలు వేసి మూత పెట్టాలి. తడి చేరకుండా రోజూ ఒకసారి కుదపాలి. వారానికి పంచదారకు ఆ వాసన పట్టేస్తుంది. తొడిమలు మిగిలిపోతే చేదు వస్తుంది. ఒలిచే పనేదో కబుర్లు చెప్పుకుంటూ ఇద్దరు ముగ్గురు కూర్చుంటే తొందరగా తెములుతుంది.